మెయిన్ ఎక్కడుందో మీకు తెలుసా?

పెళ్లయి ఈ ఇంటికొచ్చి పదిహేనేళ్లయింది. ఏ డబ్బాలో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలను. గ్యాసు ఇంకెన్నాళ్లొస్తుందో సిలిండరు కదిపి చూస్తే తెలిసిపోతుంది. బీరువా తాళాలు, ఇంటి పన్ను రసీదులు, పిల్లాడి టీకాల కాగితాలు అన్నీ నా చేతి కిందే ఉంటాయి. కానీ ఈ ఇంట్లో కరెంటు ఆపాలంటే ఏ పిడి లాగాలో మొన్న శ్రావణమాసం దాకా నాకు తెలీదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్తున్నాను. ఎందుకంటే ఆ తర్వాత మా వీధిలో ఎవర్నడిగినా దాదాపు ఇదే జవాబు. "అవన్నీ మా వారు చూసుకుంటారండీ!"

ఆ రోజు శుక్రవారం. తెల్లవారుజాము నుంచీ ఒకటే ముసురు. కాస్త తెరిపిచ్చిందని మా అత్తయ్య మడిచీర ఆరేసుకోడానికి మేడ మీదికెళ్లారు. నేను వంటింట్లో బూరెల పిండి కలుపుతున్నాను. ధబ్బుమని చప్పుడు. పరుగెత్తుకెళ్లి చూద్దును కదా, తడి డాబా మీద ఆవిడ వెల్లకిలా పడి ఉన్నారు. చీర సగం దండెం మీద, సగం నేల మీద. "తీగె కొట్టిందే... నన్ను విసిరికొట్టిందే..." అంటున్నారు. చేయి వణుకుతోంది. మనిషి స్పృహలోనే ఉన్నారు. అదే పదివేలు. తీగె విసిరికొట్టింది కాబట్టి బతికారు. పట్టుకుని ఉంటే? ఆ ఆలోచన ఇప్పటికీ రాత్రిళ్లు నిద్ర రానివ్వదు.

ఆవిణ్ణి ఎలాగో కిందికి దించి కూర్చోబెట్టాను. కరెంటు ఆపెయ్యాలని తెలుసు. ఎక్కడ ఆపాలి? మా వారు డ్యూటీలో ఉన్నారు. ఫోన్ చేసి, "ఏమండీ, మెయిన్ ఎక్కడుంది?" అని అరిచాను. "ముందు గదిలో, తలుపు వెనక, పైన!" అన్నారు. తలుపు వెనక మూడేళ్ల నాటి క్యాలెండర్లు, వాటి వెనక గొడుగులు, గొడుగుల పైన, నాకు అందనంత ఎత్తున నల్ల డబ్బా ఒకటి. స్టూలు వేసుకుని ఎక్కి పిడి కిందికి లాగాను. ఫ్రిజ్ మూలుగు ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

అసలు సంగతి అప్పుడే మొదలైంది. పక్కింటి వదిన వాళ్లబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు. రబ్బరు చెప్పులు వేసుకుని మేడెక్కి, దండేనికి టెస్టరు ఆనించాడు. టెస్టర్లో ఎర్రదీపం దివ్యంగా వెలుగుతోంది! "ఆంటీ, మెయిన్ ఆపారా?" "ఆపానురా!" "మరి దీన్లో కరెంటుంది."

మెయిన్ ఆపినా కరెంటు ఎలా వచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు తెలుసుకోడానికి నాకు ఒక రోజు పట్టింది. మీకు రెండు నిమిషాల్లో చెప్తాను. మునిసిపాలిటీ కుళాయి ఉందనుకోండి. ఇంట్లో వాల్వు కట్టేస్తే ఇంట్లో నీళ్లు ఆగుతాయి. గేటు దగ్గర గొట్టం పగిలితే మాత్రం మీరు ఇంట్లో ఎన్ని వాల్వులు కట్టినా నీళ్లు పోతూనే ఉంటాయి. కరెంటూ అంతే. వీధి స్తంభం నుంచి సర్వీసు వైరు మీ ఇంటికొస్తుంది, మీటర్లోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి మెయిన్‌లోకి, మెయిన్ నుంచి గదుల్లోకి. మెయిన్ ఆపితే దాని తర్వాత ఉన్నదంతా చచ్చిపోతుంది. దాని ముందున్నదంతా బతికే ఉంటుంది. మీటరు, మీటరుకొచ్చే తీగె, మెయిన్ డబ్బాలో పైవైపు మరలు, అన్నిట్లోనూ 230 వోల్టులు ఉంటాయి.

మా మేడ మీద సర్వీసు వైరుని మోసే ఇనుప గొట్టం ఉంది. ఏళ్ల తరబడి గాలికి రాసుకుని రాసుకుని వైరు తొడుగు చిరిగిపోయింది. లోపలి తీగె గొట్టాన్ని తాకింది. ఆ గొట్టానికే ఎవరో, బహుశా నేనే, దండెం తీగె కట్టాం! ఎండాకాలమంతా ఏమీ కాలేదు. వాన పడి డాబా తడిసేసరికి, తడిచీరతో చెప్పుల్లేని కాళ్లతో మా అత్తయ్య దానికి దొరికారు. పేపర్లో అప్పుడప్పుడూ చదువుతుంటాం కదా, దండెం మీద బట్టలారేస్తూ తల్లి, కాపాడబోయి కూతురు అని. అది ఇలాగే జరుగుతుందన్నమాట.

సరే, మెయిన్ దాటి అవతల ఉన్న కరెంటు ఆపడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు. ఆపాలని చూడకూడదు కూడా. మీటరు సీలు ముట్టుకుంటే నేరం, స్తంభం ముట్టుకుంటే ప్రాణం. అది కరెంటాఫీసు వాళ్ల పని. ఇక ఆ ఆఫీసు కథ వినండి.

1912కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చారు. గంట గడిచినా ఎవరూ రాలేదు. మా ఊరి సెక్షనాఫీసుకే నేరుగా చేశాను. అవతలాయన మొదటి మాట, "ఇంట్లో మగవాళ్లెవరూ లేరామ్మా?"

"లేరండీ. కరెంటు మాత్రం ఉంది, దండెంలో" అన్నాను.

"సర్వీసు ఎవరి పేరు మీదుంది?"

బిల్లు తీసి మా మామయ్యగారి పేరు చదివాను.

"ఆయనకివ్వండి, మాట్లాడతాను."

"ఆయన పోయి ఆరేళ్లయిందండీ."

కాసేపు నిశ్శబ్దం. "అయితే పేరు మార్పించుకోవాలి కదమ్మా!" అన్నాడాయన. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. దండెంలో కరెంటుందని ఫోన్ చేస్తే, పోయినాయన్ని పిలవమంటారు! బిల్లు కట్టేటప్పుడు ఆరేళ్లుగా ఏ పేరూ అడగలేదే? యాప్‌లో నా వేలితో నేనే కడుతున్నాను, పుచ్చుకుంటున్నారుగా?

మేడ తలుపుకి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి లైన్‌మన్ వచ్చాడు. ఒక్కడే, చేతికి తొడుగుల్లేవు. కడిగేద్దామని నోటిదాకా వచ్చిన మాటలన్నీ అతన్ని చూశాక మింగేశాను. పొద్దుట్నుంచీ పన్నెండు స్తంభాలెక్కాట్ట, అన్నం కూడా తినలేదు. మంచినీళ్లిచ్చాను. తాగి, మొదట అడిగిన మాట, "ఇంట్లో ఇన్వర్టరుందామ్మా? చుట్టుపక్కల జనరేటరేమైనా ఆడుతోందా?"

ఎందుకని అడిగితే అతను చెప్పింది వినండి. తీగె ముట్టుకునే ముందు వాళ్లు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు ఆపుతారు. పెద్ద లైనైతే సబ్‌స్టేషన్‌కి చెప్పి ఎల్.సి. తీసుకుంటారు, అంటే లైను క్లియరు. ఆ లైను చచ్చింది అన్న నమ్మకంతోనే స్తంభమెక్కుతారు. సరిగ్గా అప్పుడే ఏ పెళ్లింటివాళ్లో, ఏ కొట్టువాళ్లో మెయిన్ ఆపకుండా, మార్చుకునే చేంజోవర్ స్విచ్చి పెట్టుకోకుండా జనరేటరు తీగెని ప్లగ్గులో గుచ్చి ఆడించారనుకోండి. ఆ కరెంటు ఇంట్లోంచి వెనక్కి వీధి లైన్లోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ గుండా ఎదురు వెళ్తే అటువైపు 11 వేల వోల్టులవుతుంది. "మేమాపిన లైన్లోకి మీ ఇళ్లలోంచి కరెంటొస్తదమ్మా. మా వాడొకడు అట్టాగే చెయ్యి పోగొట్టుకున్నాడు" అన్నాడు.

అప్పటిదాకా నేను నా ఇంటి ప్రాణాల గురించే ఆలోచిస్తున్నాను. మెయిన్ అన్నది రెండువైపులా తలుపు అని అప్పుడర్థమైంది. అది వీధి నుంచి మనల్ని కాపాడాలి, మన నుంచి వీధిలో పనిచేసేవాణ్ణీ కాపాడాలి. దాని పిడి తలుపు వెనక, గొడుగుల మధ్య దుమ్ము కొట్టుకుపోతోంది!

అతను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆపివచ్చి, టెస్టరుతో చూసుకుని, చిరిగిన చోట వైరు కోసి జాయింటేసి, గొట్టానికి దూరంగా జరిపాడు. "ఇది నాలుగు రోజులే ఆగుద్ది. కొత్త వైరు మీరే కొనుక్కోండి" అన్నాడు. అందరూ కొనుక్కుంటున్నారు కదా అని మనమూ కొంటాం. నేను మాత్రం ఈసారి కాస్త చదివాను. సరఫరా నిబంధనల ప్రకారం, మనం డబ్బు కట్టి వేయించుకున్నా మీటరు దాకా వచ్చే సర్వీసు లైను కంపెనీదే, దాని బాగోగులూ కంపెనీవే. మీటరు తర్వాతి వైరింగ్ మనది. ఈ గీత ఎక్కడుందో తెలీకపోవడం వల్లే వాళ్ల పనికి మనం డబ్బులిస్తున్నాం, మన పనిని మనం గాలికొదిలేస్తున్నాం.

మర్నాడు కాగితం రాశాను. కథలు రాసుకునే చేయి, వర్ణనలేమీ లేకుండా ఆరు వాక్యాలు రాసింది. సర్వీసు నంబరు, ఫిర్యాదు నంబరు, ఏ రోజు ఎన్నింటికి ఏం జరిగింది, ఎవరొచ్చారు, ఏం చేశారు, ఏం చేయాలి. రెండు కాపీలు పట్టుకెళ్లి ఏ.ఈ.గారికిచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయమన్నాను. ఆయన మర్యాదస్తుడే. కానీ అక్కడా అదే మాట. "సర్వీసుదారు సంతకం ఉండాలి మేడమ్!"

"2003 విద్యుత్ చట్టంలో వినియోగదారుడంటే బిల్లు మీద పేరున్నవాళ్లే అని లేదండీ. ఎవరి ఇంటికి మీ లైను కలిసి ఉందో వాళ్లూ వినియోగదారులే అని రెండో సెక్షన్లోనే ఉంది. నేను ఆ ఇంట్లో ఉంటున్నాను" అన్నాను. గొంతు వణికింది, అబద్ధమెందుకు! కానీ ముద్ర పడింది. తొమ్మిదో రోజున కొత్త వైరు వచ్చింది. పైసా అడగలేదు.

ఫోన్లో మాట గాల్లో కలిసిపోతుంది. కాగితం బల్ల మీద ఉంటుంది. ముద్ర పడ్డ కాగితం రేపు మరొకరి బల్ల మీదికి వెళ్తుంది. ఆ సంగతి ఆఫీసుల్లో వాళ్లకి బాగా తెలుసు. మనకే తెలీదు. ఆఫీసులో పని జరక్కపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. అక్కడా న్యాయం జరగలేదనిపిస్తే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఈ రెండూ ఆ చట్టంలోనే 42వ సెక్షన్ ఇచ్చినవి. అలాగే బిల్లు కట్టలేదని కరెంటు తీసెయ్యాలంటే 56వ సెక్షన్ ప్రకారం కనీసం 15 పూర్తి రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ఆ నోటీసూ, తీసేసే తేదీ చాలాసార్లు బిల్లు కాగితం మీదే అచ్చేసి ఉంటాయి. అందుకని ఎంతయిందో ఒక్కటే చూసి పడెయ్యకుండా బిల్లు పూర్తిగా చదవండి.

మా అత్తయ్య ఇప్పటికీ "కరెంటు బోర్డువాళ్లు" అంటారు. 1959లో పుట్టిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లోనే విడిపోయింది, 2000లో పంపిణీకి వేరే కంపెనీలొచ్చాయి. కంపెనీ అయ్యాక వాళ్లు అమ్మేవాళ్లు, మనం కొనేవాళ్లం. బోర్డునాటి భయభక్తులు మాత్రం మనల్నింకా వదల్లేదు. లైన్‌మన్‌ని బతిమాలతాం, చేతిలో నోటు పెడతాం, ఆయనొస్తే చాలనుకుంటాం. నిజానికి మన పేచీ లైన్‌మన్‌తో కాదు. తొడుగులివ్వకుండా అతన్ని ఒంటరిగా స్తంభమెక్కించే తీరుతో. మన కాగితం వెళ్లాల్సింది ఆ పైకి.

ఇక మన వైపు సంగతి. ఇంట్లో ఎం.సి.బి.లు ఉన్నాయి కదా, ఏదైనా అయితే అవే పడిపోతాయిలే అనుకునేదాన్ని. అది సగమే నిజం. ఎం.సి.బి. వైరుని కాపాడడానికి, మనిషిని కాపాడడానికి కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. అంతకు మించి కరెంటు పారితే పడిపోతుంది. మనిషి గుండెని ఆపడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషి పోతున్నా దానికి దోమ కుట్టినట్టు కూడా ఉండదు. మనుషుల కోసం వేరే ఉంది, ఆర్.సి.సి.బి. అంటారు. వెళ్లిన కరెంటంతా తిరిగొస్తోందా లేదా అని లెక్క చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, అంటే మనిషి ఒంట్లోంచో తడిగోడలోంచో నేలలోకి పోతుంటే, రెప్పపాటులో కరెంటు కొట్టేస్తుంది. నెలకోసారి దాని మీద టెస్టు బటన్ నొక్కి చూడాలి. నొక్కగానే పడిపోతే బాగున్నట్టు. కొన్నిళ్లలో "మాటిమాటికీ పడిపోతోంది, విసుగ్గా ఉంది" అని తీయించేస్తారు. అది పడిపోతోందంటే ఎక్కడో లీకుందని మొత్తుకుంటోందన్నమాట. పొగొస్తోందని కేకేసినవాడి నోరు నొక్కేస్తామా?

అయితే ఇదీ మెయిన్ తర్వాతే పనిచేస్తుంది. మా మేడ మీద గొట్టంలాంటి చోట ఆర్.సి.సి.బి. ఉన్నా లాభం లేకపోయేది. అందుకే సర్వీసు వైరున్న గొట్టానికీ, స్టే తీగెకీ, కరెంటు స్తంభానికీ దండెం కట్టొద్దు. ఆ మాటకొస్తే ఇనుప తీగెతో దండెమే వద్దు, నైలాను తాడు చాలు. ఇన్వర్టరున్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని లైట్లు, ఫ్యాన్లు వెలుగుతూనే ఉంటాయి. ఆ తీగెల్లో కరెంటు ఉన్నట్టే లెక్క. ఆ స్విచ్చిబోర్డులు విప్పాలంటే ఇన్వర్టరునీ వేరుగా ఆపించాలి. ఒక్కోసారి బల్బులు ఉన్నట్టుండి తెల్లగా, కళ్లు జిగేల్మనేలా మండుతాయి. వీధిలో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. టీవీ ఆపనా, ఫ్రిజ్ ఆపనా అని గదులన్నీ తిరక్కుండా నేరుగా మెయిన్ పిడి లాగండి. ఎవరినైనా కరెంటు పట్టుకుంటే చేత్తో ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. దానికి మెయిన్ ఎక్కడుందో తెలియాలి, చేతికందాలి, చీకట్లో కూడా దొరకాలి.

"ఆడవాళ్లకెందుకండీ కరెంటు పనులు?" అని మా బంధువొకాయన అన్నారు. కరెంటు పనులు చేయమని ఎవరన్నారు? వైరింగ్‌కి ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, లైనుకి లైన్‌మన్ ఉన్నాడు. ఆపడం పని కాదు, జాగ్రత్త. గ్యాసు పొయ్యి ఇంటికొచ్చిన మొదటి రోజే రెగ్యులేటరు ఎలా కట్టాలో చూపించి వెళ్లారు. పడుకునే ముందు కట్టమని తల్లులు కూతుళ్లకి నేర్పారు. మరి మిక్సీ, గ్రైండరు, గీజరు, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషీను, తడిచేతుల్తో ముట్టుకునేవన్నీ మనవే కదా? పగలంతా ఇంట్లో ఉండేదీ ఎక్కువగా మనమే కదా? వీటన్నిటి తాళంచెవి మాత్రం సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చే మనిషి తలకి అందే ఎత్తున, తలుపు వెనక పెట్టారు. ఎవరూ కుట్ర చేసి పెట్టలేదు. మనం అడగలేదు, అంతే.

నేనడిగాను. మెయిన్ కిందికి దింపించాం, నా భుజమెత్తుకి. ఆర్.సి.సి.బి. పెట్టించాం. ఎర్తింగ్ గొయ్యిలో ఉప్పు, బొగ్గు మళ్లీ పోయించాం. ఎండాకాలంలో దాన్లో బిందెడు నీళ్లు పోయడం నా పనుల జాబితాలో చేరింది. కిందటి అమావాస్య రాత్రి లైట్లన్నీ తీసేసి, ఒక్కొక్కళ్లనీ వెళ్లి మెయిన్ ఆపి రమ్మన్నాను. మా అబ్బాయి, మా వారు, ఇంట్లో పనిచేసే అమ్మాయి, చివరికి మా అత్తయ్య. ఆవిడ గోడ తడుముకుంటూ వెళ్లి టక్కున పిడి దించి, "ఇంతేనా? దీనికా ఇన్నేళ్లూ భయపడ్డాను!" అన్నారు.

ఒక్క పని మిగిలింది, సర్వీసు పేరు మార్పు. మామయ్యగారి మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితాలు పట్టుకుని బయల్దేరుతుంటే, "నా పేరు పెట్టించెయ్, మళ్లీ మళ్లీ తిరిగే పనుండదు" అన్నారు మా వారు. ఇల్లు అత్తయ్యది కదా, ఆవిడ పేరే ఉండాలన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, నిజమేనన్నారు.

పోయిన నెల బిల్లొచ్చింది. మా అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని, డబ్బెంతో చూడకుండా, పైన అచ్చయిన తన పేరు రెండుసార్లు చదువుకున్నారు. యాభై ఏళ్లుగా ఆవిడ ఊడ్చి, అలికి, ముగ్గులేసిన ఇల్లది. ఆ ఇంటికొచ్చే కాగితం మీద ఆవిడ పేరు రావడం అదే మొదటిసారి.